గొర్రెలు తొక్కేసిన చెలమ

తాడిపత్రిలో పెరిగిన నాకు పెళ్లయ్యేదాకా గొర్రెల సంగతి తెలియదు. కొత్తకోడలిగా, నడివేసవిలో మా అత్తతో కలిసి మందను యాడికి ప్రాంతపు గుట్టల్లోకి తోలుకెళ్లాను. మధ్యాహ్నానికి మా నీళ్లు అయిపోయాయి. నమ్ముకున్న కుంట ఎండి నెర్రెలిచ్చింది. ఊరు మూడు గంటల నడక. అత్తకు కళ్లు తిరుగుతున్నాయి.

"వంకలో చెలమ తీస్తా. నువ్వు మందను పైనే ఆపు. నీళ్ల వాసన తగిలితే అవి ఆగవు" అంది.

ఎండిన వంక ఇసుకలో మోచేతి లోతు తవ్వాక, "నీళ్లు పడినాయమ్మే!" అని అరిచింది. అంతే, కర్ర పారేసి పరుగెత్తాను. నా వెనకే మందంతా దూకింది. కళ్లముందే గొర్రెలు చెలమను తొక్కి పూడ్చేశాయి.

కూలబడి ఏడ్చాను.

"ఏడ్చేదానికి నీకాడ నీళ్లు యాడుండాయి? లెయ్! నేను మందను ఆపుతా, నువ్వు తవ్వు."

గోళ్లు విరిగినా తవ్వాను. ఇసుక జారి రెండుసార్లు పూడింది. మూడోసారి నీళ్లు ఊరాయి. అత్త దోసిలితో తాగి, మూతి తుడుచుకుంది.

"అడిగితే ఇయ్యదమ్మే ఈ వంక. మనమే తీసుకోవాల."

పొద్దుగూకేదాకా సద్దిగిన్నెతో తోడి, ఒక్కో గొర్రెకూ నీళ్లు పట్టాం. ఒక్కటీ చావలేదు.

ఆరోజు విరిగిన నా బొటనవేలి గోరు ఇప్పటికీ చీలికతోనే పెరుగుతుంది. వాన మొహం చాటేసిన ఏడాది ఊరంతా ఆకాశం వైపు చూస్తుంది. నేను నా గోరు చూసుకుంటాను.