రెండు వైపులా తల పెట్టుకునే పరుపు

మొన్న సింగపూర్ క్లెమెంటిలో మా లిఫ్టు దగ్గర ఎవరో కొత్త పరుపు విప్పుతున్నారు. ప్లాస్టిక్ సంచీని చర్రుమని చించగానే గుప్పుమని వాసన వచ్చింది. కొంచెం రబ్బరు, కొంచెం జిగురు, ఎండలో పెట్టిన కొత్త చెప్పుల వాసన. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, నేను ఎక్కలేదు. చేతిలో కూరగాయల సంచీ బరువుగా ఉన్నా అక్కడే నిలబడిపోయాను. నాకు పరుపు ఎంచుకోవడం నేర్పిన మనిషి గుర్తొచ్చింది. పరుపొక్కటే నేర్పి ఉంటే ఇంత రాయాల్సిన పని లేదు.

రెహానా ఆంటీది హైదరాబాదు. చోవా చూ కాంగ్‌లో వాళ్లింట్లో నేను వంటకీ, ఇంటిపనికీ ఉండేదాన్ని. రాజోలు దగ్గర పల్లెలో పదో తరగతితో చదువు ఆపేసి వచ్చినదాన్ని, నోరు మాత్రం ఎప్పుడూ ఆగేది కాదు. ఆ ఇంట్లో నాకంటే ఎక్కువ మాట్లాడేది ఆంటీ ఒక్కతే. చాంగీ బిజినెస్ పార్కులో బ్యాంకు ఆఫీసులో ఏళ్లకేళ్లు కుర్చీలో కూర్చుని పనిచేసి, నడుం పట్టేసి, ముందుగానే ఉద్యోగం మానేసింది. మానేసినా కుదురుగా కూర్చునేది కాదు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి కిటికీ దగ్గరికి. "ఇన్నేండ్లు ఆఫీసు కాడి ఎక్స్‌పో స్టేషన్ నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఎక్స్‌పోకి. గింతేనా దునియా?" అనేది.

అందుకే అంకుల్ ఒక పాత వ్యాను కొన్నారు. ఊరు మారిపోతున్న స్నేహితుడి దగ్గర తీసుకున్నారు. వెనక మంచం, చిన్న పొయ్యి, పైన అలమర, అన్నీ ఉన్న ఇల్లులాంటి బండి. వంతెన దాటి మలేషియాలోకి వెళ్లి, టీ తోటల కొండలు ఎక్కి, సముద్రం కనిపించిన చోటల్లా ఆగి పడుకోవాలని ఆంటీ కోరిక. ఆ దేశం పటాన్ని ఫ్రిజ్ మీద అతికించి, నేను పాలు తీసినప్పుడల్లా ఒక్కో ఊరు వేలుతో చూపించేది.

చిక్కల్లా ఆ మంచంతోనే వచ్చింది. మా బ్లాకు కింద పార్కింగులోనే మధ్యాహ్నాలు పడుకుని అలవాటు చేసుకుందామని మొదలుపెట్టింది ఆంటీ. నేను పక్కన చిన్న స్టూలు మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుచుకునేదాన్ని. పాత పరుపు నలిగిపోయి, కింద చెక్క వీపుకి తగిలేది. తలవైపు మాత్రం దిండులా ఎత్తుగా కుట్టి ఉండేది. ఆంటీ పెనం మీద చపాతీలా ఇటు తిరిగేది, అటు తిరిగేది, లేచి కూర్చునేది, దిండు తీసి కాళ్లవైపు పెట్టుకుని మళ్లీ పడుకునేది. అప్పుడు ఆ ఎత్తంతా కాళ్ల కిందికి వచ్చి నడుం ఇంకా లాగేది.

"ఏంటాంటీ, ఎటు పడుకోవాలో తెలీనట్టు తిరుగుతున్నారు?"

"నక్కో రే, నువ్వు చిక్కుళ్లు చూస్కో."

అంకుల్ ఇంజినీరు కదా, పైన వేసే మెత్తటి పొర ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించారు. చెయ్యి పెడితే అచ్చు పడే రకం. ఈ ఎండకి అది పెరుగులా మెత్తబడి, ఆంటీ అందులో కూరుకుపోయింది. లేవబోతే పై అలమర నుదుటికి తగిలింది. చెమటతో, కోపంతో బయటికి వచ్చింది.

అంకుల్ ఆ పొరని చుట్టి పక్కన పెట్టారు. తర్వాత మెల్లిగా అన్నారు. "రెహానా, ఇంటి కింద గంట పడుకోలేకపోతే ఊళ్లు ఎట్ల తిరుగుతవ్? నడుం ఇంకా పాడైతది. ఆదివారం ఒకాయన బండి చూడనీకి వస్తడు. అమ్మేద్దాం."

సాయంత్రం చూస్తే ఫ్రిజ్ మీద పటం మడిచేసి ఉంది. అంట్లు తోముతూ రెండు గ్లాసులు జారవిడిచాను, అదృష్టం, పగల్లేదు. ఆదివారంలోపు ఒక్క మంచి పరుపు దొరికితే చాలు కదా, ఇంత పెద్ద సింగపూర్‌లో దొరకదా అనుకున్నాను.

బండి కొలతకి ఫోమ్ కోసి ఇచ్చే ఒక తమిళాయన షాపు నంబరు కింద ఇంటి ఆంటీ ఇచ్చింది. నేనే ఫోన్ చేశాను.

"అంకుల్, గట్టి పరుపు కావాలి. నడుం నొప్పి ఉన్నవాళ్లకి."

"పరుప్పా?" అన్నాడాయన. "నడుం నొప్పికి పరుప్పు ఎదుక్కమ్మా? రసం పెట్టి తాగు!"

"తాగడమేంటండీ, పడుకోడానికి!"

"పరుప్పు మేల పడుకుమా?" అని ఆయన షాపంతా వినపడేలా నవ్వాడు. పక్కనుంచి ఆంటీ ఫోన్ లాక్కుని "అన్నా, మెత్తై, మెత్తై!" అని అరిచింది. తమిళంలో పరుప్పు అంటే పప్పట, పరుపుని మెత్తై అనాలట. నాకేం తెలుసు? రోజంతా అణచుకున్నదంతా పగిలినట్టు ఆంటీ నేల మీద కూర్చుని నవ్వింది. "గట్టి పప్పు గావాల్నంట దీనికి!"

మర్నాడే షాపుకి వెళ్లాం. గోడల పొడుగునా ఫోమ్ దిమ్మలు, నేల మీద వరసగా పరుపులు. నేనైతే చేత్తో నొక్కి, బాగుంది అని వచ్చేసేదాన్ని. ఆంటీ చెప్పులు విడిచి, చున్నీ సర్దుకుని, నలుగురూ చూస్తుండగానే మొదటి పరుపు మీద పడుకుంది. కళ్లు మూసుకుంది. పక్కకి తిరిగింది. మోకాళ్లు ముడిచింది. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"నువ్వు గూడ పడుకో సత్యా."

"నేనెందుకండీ? అందరూ చూస్తున్నారు."

"చూస్తే చూడనీ. వాళ్లు పడుకుంటరా దీని మీద? వెల్లకిల పడుకుని మంచిగుందనకు. ఇంకో దిక్కు తిరిగి అప్పుడు చెప్పు."

పని మనిషిని పరుపు ఎలా ఉందని అడిగినవాళ్లు నాకు అంతకుముందు లేరు. బిక్కుబిక్కుమంటూ పక్క పరుపు మీద వాలాను. వాలినదాన్ని వెంటనే లేచి, తల అటు, కాళ్లు ఇటు మార్చుకుని పడుకున్నాను.

"ఎందుకే తిరిగినవ్?"

"అటు ఉత్తరం కదండీ. ఉత్తరం వైపు తల పెట్టుకోం మేము."

ఆంటీ లేచి కూర్చుంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది, ఎవరో పట్టుకుంటారేమో అన్నట్టు. "నేను ఖిబ్లా దిక్కు, గదే నమాజు చేసే దిక్కు, కాళ్లు పెట్టను, సత్యా. చిన్నప్పటి నుంచి పెట్టలే. ఇంట్ల మంచం ఒక్కతీరుగ ఉంటది, ఫికర్ లేదు. బండి అట్ల గాదు కదా. పార్కింగుల గీతలు ఎటుంటే అటే ఆగుతది. ఒక్కోరోజు ఒక్కో దిక్కు. అంకుల్‌కు చెప్తే నవ్వుతడని చెప్పలే. అందుకే దిండు తీస్కొని అటు ఇటు తిరుగుతున్న."

నాకు నవ్వూ, ఏడుపూ రెండూ వచ్చాయి. ఒకే షాపులో, ఒకరికి తల బెంగ, ఇంకొకరికి కాళ్ల బెంగ.

"అయితే తలవైపు ఎత్తు అక్కర్లేదు కదాంటీ? రెండు కొసలూ ఒకేలా చేయించుకుందాం."

"గదే!" అని ఆంటీ చప్పట్లు కొట్టింది. ఇక షాపాయనకి ఊపిరాడనివ్వలేదు. ఎత్తు ఎక్కువ వద్దు, అలమర తగులుతది. కింద పొర గట్టిగ, పైది కొంచెం మెత్తగ, ఈ కొస నుంచి ఆ కొస దాంక ఒక్కతీరుగ. తొడుగు ఉతుక్కునేటట్టు. తల కింద ఎత్తుకి విడిగా ఒక దిమ్మ, ఎటు కావాలంటే అటు పెట్టుకునేటట్టు. చెమ్మ పట్టకుండా మంచం చెక్కకి చిల్లులు పెట్టించాలని ఆయనే చెప్పాడు. చివరికి బిల్లు రాస్తూ, "ఇంకేమన్నా పరుప్పు వేణుమా?" అని నా వైపు చూసి కన్ను గీటాడు.

ఇంటికెళ్లాక ఆంటీ అంకుల్‌కి అంతా చెప్పింది. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. అంకుల్ నవ్వలేదు. "ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే? ఫోన్‌ల దిక్సూచి ఉంది కదా!" అన్నారంతే.

పరుపు ఆదివారం పొద్దున వచ్చింది. బండిని చాంగీ సముద్రం పక్క పార్కింగుకి తీసుకెళ్లాం, కొనడానికి చూసే ఆయన్ని కూడా అంకుల్ అక్కడికే రమ్మన్నారు. అంకుల్ ఫోన్ అరచేతిలో పెట్టుకుని గుండ్రంగా తిరిగి, "తల ఇటు" అని చూపించారు. ఆంటీ లోపల పడుకుంది. మేమిద్దరం బయట. నేను చెట్టు దగ్గరికి, మళ్లీ బండి దగ్గరికి. అంకుల్ కీచైను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి. ఎవరం కూర్చోలేదు. బండి కొనే ఆయన వచ్చి కారు దిగాడు. అంకుల్ వేలు పెదాల మీద పెట్టుకుని, మెల్లిగా పక్క తలుపు కొంచెం తెరిచారు. లోపలినుంచి ఆంటీ గురక వినిపించింది.

"సారీ బ్రదర్," అన్నారు అంకుల్ గుసగుసగా. "బండి అమ్మట్లే."

ఆ తర్వాత వాళ్లు వంతెన దాటి చాలాసార్లు వెళ్లారు. ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నారు, నేను ఇక్కడే క్లెమెంటిలో వేరే ఇంట్లో చేరాను. చేరిన రోజు కొత్త మేడం నా గది చూపించి "ఓకే కదా?" అంది. ఇదివరకైతే ఆ మాట పూర్తి కాకముందే బాగుందండీ అనేసేదాన్ని. ఆ రోజు కాసేపు ఆగి, చుట్టూ చూసి, "కిటికీకి పరదా లేదండీ, పొద్దున్నే ఎండ మొహం మీద పడుతుంది, నాకు నిద్రుండదు" అన్నాను. మేడం మర్నాడే నీలం పరదా తెచ్చి, కుర్చీ ఎక్కి తనే తగిలించింది.

"ఇంకేమైనా కావాలా?" అని అడిగింది.

"చూసి చెప్తానండీ" అన్నాను.