ఇస్త్రీ బల్ల మీది పొరలు

ఇస్త్రీ పెద్దాయన భార్యకు అక్షరం ముక్క రాదు. అయినా ఆ వీధి మొత్తాన్నీ కాలర్ల లోపల రాసిపెట్టింది ఆవిడే. కొట్టు పెట్టిన కొత్తలో బట్టలు తారుమారై రోజూ తగువులే. దాంతో ఆవిడ చెరగని సిరా బుడ్డి ముందేసుకుని కూర్చుంది. మాస్టారి బట్టలకు కళ్లజోడు, పళ్ల డాక్టరు బట్టలకు పన్ను. బ్యాంకు మేనేజరుకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి ఏకంగా ముక్కే వేసింది. "ఇదేంటమ్మా?" అని ఆయన అడిగితే, "కొండండీ" అని నవ్వు దాచుకుంది. ఘటికురాలు.

గిరాకీ పెరిగాక బొమ్మలు గీసే తీరిక ఎక్కడిది? కళ్లజోడు రెండు చుక్కలైంది, ముక్కు ఒక ఏటవాలు గీతైంది. మాస్టారి కొడుకు చొక్కాలు కూడా రావడం మొదలయ్యాక, అవే చుక్కల కింద చిన్న గీత పెట్టింది. చదువుకున్నవాళ్లు దాన్ని రాత అనరేమో. అనకపోతే పోనీ, ఆ తర్వాత ఒక్క చొక్కా దారి తప్పలేదు.

ఆ గుర్తులన్నీ పుట్టి, పెరిగి, చిక్కిపోవడం పెద్దాయన కళ్లారా చూశాడు. తెలియనిది ఒక్కటే, తన చొక్కాల మీదిది. కొక్కెంలాంటి వంకర గీత. తొలినాళ్లలో తన కాలర్ తిప్పి చూసుకున్న పాపాన పోలేదు. తర్వాత ఎప్పుడడిగినా ఆవిడది ఒకటే మాట: "చెప్తే మాత్రం వింటావా ఏంటి?" ఇస్త్రీపెట్టె వేడెక్కగానే ఆయనా అడిగిన సంగతి మర్చిపోయేవాడు. నిరుడు ఆవిడ పోయింది. అప్పట్నుంచి ఆ కొక్కెం ఆయన మనసుకు గుచ్చుకుంటూనే ఉంది. అదేమిటో తెలియకుండా పోతానేమోనని బెంగ.

ఇప్పుడు కొట్టు కోడలిది. నంబరు చీటీలతోపాటు కొత్త బల్ల కూడా తెచ్చింది.

"మావయ్యా, పాత బల్ల మీది బొంత పారేద్దామా?"

బల్ల మెత్తగా ఉండాలని భార్య ఏళ్ల తరబడి పరిచినవన్నీ ఆయన చిరిగిన చొక్కాలే. ఆ సంగతి పెద్దాయనకు అప్పుడు గుర్తుకొచ్చింది. అట్టడుగున ఉన్నది, ఆవిడ బొమ్మలు నిండుగా గీసిన రోజుల చొక్కా.

"ఉండమ్మా. నేను తీస్తాను."

పైపొరల్లో అదే కొక్కెం. ఇంకొంచెం కిందికెళితే కొక్కెం లోపల ఒక మెలిక. అట్టడుగు చొక్కా వేడికి మాడి గోధుమరంగుకు తిరిగింది. కాలర్ తిప్పాడు.

తీరిగ్గా, ముద్దుగా గీసిన చెవి.

కోడలు తొంగిచూసి నవ్వేసింది. "అత్తయ్య ఊరికే అనేవారా, మీ మావయ్య చెవిన ఏదీ పడదని?"

పెద్దాయనా నవ్వాడు. అంతలోనే కళ్లు నిండాయి. ఎన్ని చెప్పి ఉంటుందో పిచ్చిది. ఒంట్లో నలతగా ఉందని కూడా ఎప్పుడో చెప్పే ఉంటుంది.

వేడెక్కుతున్న ఇస్త్రీపెట్టె కట్టేశాడు. స్టూలు మీద కూర్చుని ఆ కాలర్ ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పవే, వింటున్నా" అన్నాడు.