తలుపు వెనక గుర్రు

పిల్లల బొమ్మల పత్రికలో శబ్దాల అక్షరాలు గీసేది గుర్రు మాస్టారే. పేజీలో కుక్క గుర్రుమనాలంటే ముందు ఆయన గుర్రుమనాలి. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, గొంతుకి వేళ్లు ఆనించి, పళ్లు బిగించి గుర్రుమంటాడు. ఆ అదురు వేళ్లకు అందాకే కుంచె ముంచుతాడు. కోపానికి కోరల్లాంటి మందపు అక్షరాలు, ఆటకు గెంతులేసేవి, భయానికి తోక ముడిచినట్టుండేవి. పక్క బల్లల వాళ్లకు నవ్వాగదు.

ఆ రోజు ఎడిటరు విసుక్కున్నాడు. "ఎలా గీసినా గుర్ర్ అనే కదా చదివేది! ఇకనుంచి అన్నిటికీ కంప్యూటర్ అక్షరాలే పెట్టేద్దాం మాస్టారూ."

మాస్టారు అన్నం క్యారియరు తెచ్చిన తన అక్క ముందు, ఇంకా ఆరని పేజీ పెట్టాడు. ఆవిడకు పుట్టుచెవుడు. బొమ్మలో ఉన్నది మూసిన తలుపూ, దాని వెనక నుంచి వచ్చే గుర్రూ, అంతే. ఆవిడ అక్షరాల మీదుగా వేలు పోనిచ్చి, భుజాలు ముడుచుకుని వణికి చూపించింది. గబగబా తలుపు తియ్యమని సైగ చేసింది.

"లోపల కుక్కపిల్ల బెదిరిపోయి ఉందని తర్వాతి పేజీలో కదా తెలిసేది!" ఎడిటరు నోరు తెరిచాడు. "కంప్యూటర్ మాట మరిచిపోండి మాస్టారూ."

మాస్టారు అక్క చేతిని తన గొంతు మీద పెట్టుకుని, ఆఫీసు దద్దరిల్లేలా గుర్రుమన్నాడు. ఈసారి నవ్వింది అక్క ఒక్కతే.