ఒళ్లో వేసుకున్న బిడ్డ

నన్ను కన్నామె నేను పుట్టిన నెలలోపే పోయింది. నాన్న మళ్లీ పెళ్లి చేసుకుని భివండీ వెళ్లిపోయాడు, ఆ తర్వాత మా వైపు తిరిగి చూడలేదు. మొగుడు పోయి, పిల్లలు లేని మా పెద్దమ్మ, కన్నామెకు అక్క, నన్ను తీసుకుంది. మరాఠీ ఊళ్లో మా తెలుగువాళ్లుండే దాజీ పేట్‌లో కులపెద్దలను పిలిచి, వాళ్ల ముందు నన్ను ఒళ్లో వేసుకుని చక్కెర పంచింది. అంతే, అమ్మ అయిపోయింది. కాగితం అడిగినవాళ్లు లేరు. చక్కెర మాత్రం రెండోసారి అడిగారట.

బడిలో వేసేటప్పుడు ఆ పెద్దలే ఒక తెలివి చెప్పారు. కులం దాఖలా తండ్రి వైపు నుంచే వస్తుంది, అది ఉంటేనే ఫీజు మాఫీ, కాబట్టి కన్నవాళ్ల పేర్లే రాయించమని. అలా నేను ముఖం కూడా ఎరగని మనిషి నా పేరు పక్కన వచ్చి కూర్చున్నాడు, అద్దె కట్టకుండా.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. ఒక్క బీడీ తాగింది లేదు, చుట్టి చుట్టి ఊపిరితిత్తులు పోగొట్టుకుంది. ఆమెకు బీడీ కార్ఖానాలో పీఎఫ్ ఉంది. తల్లి పోతే పిల్లకు నెలనెలా పింఛను వస్తుందని అక్కడివాళ్లే చెప్పారు. ఇంట్లో మిగిలింది నేనూ అమ్మమ్మే. పింఛను వస్తే పదో తరగతి, రాకపోతే ఒళ్లో బీడీలు చుట్టే చేట.

పీఎఫ్ ఆఫీసులో సాహెబు నా బడి కాగితం చూశాడు. "ఇందులో తల్లిదండ్రులు వేరే ఉన్నారు. ఈ పిల్ల ఆమెకు ఏమవుతుంది?" అని మరాఠీలో అడిగాడు.

"బిడ్డ సాబ్," అంది అమ్మమ్మ.

"దత్తత కాగితం?"

"ఒళ్లె ఏస్కున్నది సాబ్. అందరు చూసిన్రు. చక్కెర గూడ పంచినం."

"అది చెల్లదు అవ్వా. రిజిస్టరైన కాగితం కావాలి."

"గిప్పుడు రాయిస్తె?"

"రాయాల్సింది ఆమె. ఆమె లేదు కదా."

నా నోరు ఊరుకోదు. "సాబ్, నేను ఆమె బిడ్డను కాకపోతె గిన్నేండ్లు నన్నెట్ల కొట్టింది? పరాయి పిల్లను కొడితె కేసయితది గద!"

అమ్మమ్మ నా తొడ గిల్లింది. సాహెబు నవ్వాడు. చెడ్డవాడు కాదు, మాకు నీళ్లు తెప్పించాడు. నీళ్లు తాగాక దరఖాస్తు వెనక్కి ఇచ్చేశాడు.

జూన్‌లో బళ్లు తెరిచేసరికి నేను అమ్మమ్మ పేరున్న కార్ఖానా కార్డు మీద బీడీలు చుడుతున్నాను. చుట్టినవి మొదటిసారి కార్ఖానాకు తీసుకెళ్తే, సరుకు చూసే మేస్త్రి నా కట్టలు విప్పి సగానికి సగం నేల మీద పారేశాడు. అమ్మ చేతి పని ఏళ్ల తరబడి చూసినవాడు.

"ఏంది పోరీ ఇవి? నోట్లె వెట్టంగనె ఇప్పుకుంటయి. అసల్ నువ్వు ఆమె బిడ్డవేనా?"

"ఆఫీసోళ్లు గూడ గదే అడుగుతున్నరు కాకా," అన్నాను.

వరసలో ఉన్న ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. అమ్మమ్మ నవ్వలేదు. వంగి, కిందపడ్డ బీడీలు ఏరుతోంది.