సైగలు బంద్

పక్షవాతం వచ్చినోళ్ల ఇంటికి పోతే నేను చేసే మొదటి పని, మంచం చుట్టూ కూసున్నోళ్లను లేపి బయటికి పంపుడు. పండ్లు పట్టుకొని వస్తరు, "అయ్యో, ఎసొంటి మనిషి ఎట్లయిపోయిండు" అని ముక్కు చీదుతరు, పోతరు. మంచంల ఉన్నాయన ఆ మాటనే నమ్ముకొని గోడ దిక్కు తిరుగుతడు. ధైర్యం చెప్పుడంటే ఏందో నన్నడుగుండ్రి. సూరత్‌ల పుట్టి, బట్ట నేసే సాంచల సప్పుడుల పెరిగి, ఫిజియోథెరపీ చదివి, ఇంటింటికి తిరిగి కాళ్లు చేతులు ఆడిపిచ్చేదాన్ని. నా నోటికి భయపడి నడిచినోళ్లు ఉన్నరు. నవ్వకుండ్రి, నిజమే చెప్తున్న.

సూరత్‌లనే భేస్తాన్ బస్తీల ఒక మామ ఉండె. సొంత మామ కాదు. సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి, మా నాయినతోని ఒకటే కార్ఖానల సాంచ నడిపినాయన. అందుకే ఆయనను మామ అని, ఆయన భార్యను అత్త అని పిలుస్త. ఆయనకు కుడి దిక్కు పడిపోయింది, మాట పోయింది. కాలు మాత్రం తొందరగనే దారికొచ్చింది. గల్లీ మొగదల చాయ్ దుకాణం కాడ ఆయన దోస్తులు కూసుంటరు. "మామా, ఆడిదాంక నడువు, చాయ్ నాది" అన్న. మొదలు గోడ పట్టుకొని, తర్వాత నా భుజం పట్టుకొని, ఇగ కట్టె పట్టుకొని పోయిండు. మనిషికి పోవాల్నని ఒక జాగ ఉండాలె. వట్టి కసరత్తు కోసం ఎవ్వడు నడవడు.

మాట కాడ మొండికేసిండు. దవాఖానల మాటలు నేర్పే బెన్, గుజరాతీల అక్క అన్నట్టు, చూసింది. అన్నీ అర్థమైతున్నయి, గొంతు ఉన్నది, నాలుక కదులుతున్నది, రోజూ మాట్లాడితే వస్తదన్నది. ఈయన నోరే తెరవడు. ఎందుకంటే, మొదట్ల ఒకపారి చూడవచ్చిన చుట్టాల ముంగట నీళ్లు అడగబోతే ఇంకేదో మాట వచ్చింది నోట్లెకెల్లి. ఎవరో కిసుక్కున నవ్విండ్రు. అప్పటిసంది పెదవులు బిగవట్టిండు. నూరు సాంచలు ఆడుతుంటే కార్ఖాన ఆ మూలకు ఇనవడేటట్టు ఒర్లిన గొంతు అది! ఆ నవ్వినోడు నాకు దొరికితే ఉంటది వానికి.

అత్త ఓనాడు నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది.

"ఇల్లు బొందల గడ్డ లెక్కయింది బిడ్డా. మనిషి ఎదురుంగనే ఉన్నడు, ఉన్నట్టే లేదు. ఆయన గొంతు ఇంటే సాలు నాకు, ఇంకేం అడగ."

"ఇనిపిస్త అత్తా," అన్న. అన్న గానీ, ఎట్లనో నాకు సుత తెల్వదు. నాకు మాట ముందు, ఆలోచన ఎనుక.

ఆ రోజు వాళ్లిద్దర్ని కూసోని చూసిన. అప్పుడు తెలిసింది. సాంచల కార్ఖానల మాట ఇనవడదు, అందరికి సైగలే. పోగు తెగితే ఒక సైగ, బాబిన్ల నూలు అయిపోతే ఒక సైగ, షేటు వస్తుండంటే కండ్లతోనే చెప్తరు. అత్త సుత పెండ్లయిన కాడికెల్లి అదే కార్ఖానల బాబిన్లు చుట్టింది. ఇంట్ల సుత వాళ్లకు అదే అలవాటు. మామ ఎడమ చెయ్యి పెదవి కాడికి పోకముందే గిలాసల చాయ్ పడ్తది. కనుబొమ్మ లేపితే ఫ్యాన్ బందయితది. అడగంది అమ్మయినా పెట్టదంటరు, ఈ ఇంట్ల అడగకముందే పెడుతుండ్రు! ఇంకోళ్ల ఇంట్లయితే అర్థంగాక లొల్లయ్యేది, ఆ లొల్లిలనన్న ఓ మాట ఊడిపడేది. గిసొంటి పెండ్లాం ఉంటే ఎవడన్న ఎందుకు మాట్లాడుతడు?

"అత్తా, ఇయ్యాల్టిసంది సైగలు బంద్. నోటితోని అడిగితేనే ఇయ్యి. వంకరగ వచ్చినా సరే, సగమే వచ్చినా సరే."

"పానం బాగలేని మనిషిని ఉపాసం పండవెట్టుమంటవా? నీకు మనసున్నదా?"

"ఉపాసం ఎవరు పెట్టుమన్నరు? టైముకు అన్నం పెట్టు, మందులియ్యి, నీళ్లు పక్కన పెట్టు. మీదికెల్లి ఏమన్న కావాల్నంటే మాట రావాలె."

మామ నన్ను మింగేటట్టు చూసిండు. "ఏంది మామా, తిడుతున్నవా? నాకు ఇనవడ్తలేదు, జర గట్టిగ తిట్టు" అన్న. మొఖం అటు తిప్పుకున్నడు.

అత్త సరే అన్నది గానీ ఆమెతోని కాలే. కండ్లు కలిస్తే సాలు, చెయ్యి దానంతటదే గిలాస దిక్కు పోతది. నాకు కోపమొచ్చింది, జాలి సుత అయింది. అత్త ఇంట్ల చీరెలకు రాళ్లు అతికే పని చేస్తది. "వాకిలి దిక్కు మొఖం పెట్టి కూసో, ఆయనకు వీపు చూపెట్టు" అన్న. ఇగ మామ కట్టెతోని మంచం కోడు కొట్టుడు మొదలువెట్టిండు. అత్త వీపు బిగవట్టి, రాయి మీద రాయి అతుక్కుంట కూసునేది. ఆయనకు పంతం, ఆమెకు పానం కొట్టుకునుడు. నేను పోయినప్పుడల్లా ఇద్దరూ నన్నే తిట్టుకుంటున్నరని తెలుసు నాకు. తిట్టుకోనీ.

ఒకనాడు మధ్యాహ్నం కసరత్తు అయిపోయి, వాకిట్ల నిలవడి చెప్పులు తొడుక్కుంటున్న. అత్త నా ముంగట గడప కాడ కూసోని చీరె పని చేస్తుంది. ఆమె ఎనుక, మామ మంచం పక్కనే, పొయ్యి మీద పాలు. పెట్టి మర్చిపోయింది. పాలు పైకి లేస్తున్నయి. నాకు కనవడ్డది, మామకు కనవడ్డది. నేను పెదవి కొరుక్కొని ఊకున్న.

మామ చెయ్యి ఊపిండు. కట్టెతోని కొట్టిండు. అత్త తిరగలే.

"పా..."

అత్త చేతిల రాయి ఆగింది.

"పా... పాల్..."

"ఏం పాలు? సక్కగ చెప్పు," అన్నది అత్త, తిరగకుండనే. గొంతు గట్టిగనే ఉన్నది. ఆమె మొఖం నాకొక్కదానికే కనవడుతుంది. కండ్లకెల్లి నీళ్లు కారి చీరె మీద పడుతున్నయి.

"పాలు! పొం... పొంగె! చెవుడా... నీకు!"

పాలు చుయ్యిమని పొయ్యి మీదికెల్లి కిందికి కారినయి. ఇల్లంత మాడు వాసన. ఇగ సాలు అనుకొని గ్యాస్ బంద్ చేద్దామని లోపటికి ఉరకబోయిన. అత్త నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

"పోతె పోనియ్యి బిడ్డా పాలు," అన్నది. "ఇంకోపారి అననియ్యి."