అది ఊహించని అల కాదు

మురళి అన్న ఇక లేడు.

నిన్న సుధ వదిన ఫోన్ చేసినప్పుడు ఇర్వింగ్‌లో హైవే మీద ఉన్నాను. ఎగ్జిట్ తీసుకుని గ్రాసరీ స్టోర్ పార్కింగ్‌లో కార్ ఆపేశాను.

తెలియనివాళ్ల కోసం: అన్న హవాయిలో, ఒవాహు దీవిలో ఉండే సివిల్ ఇంజనీర్. కానీ పొద్దున లేవగానే ఆయన చూసేది ఆఫీస్ మెయిల్ కాదు, సముద్రంలో తేలుతూ అలల ఎత్తు కొలిచే బోయ్‌ల రీడింగ్స్. మన తెలుగువాళ్ల గ్రూప్‌లో ఎవరు హవాయి టికెట్ బుక్ చేసినా అలల ఫోర్‌కాస్ట్ పెట్టేవాడు. "అన్నే మా వాతావరణ శాఖ" అని స్టిక్కర్లు పెట్టి నవ్వేవారు.

ఒక డిసెంబర్‌లో తుఫాను అలలు చూపిస్తానని మమ్మల్ని దీవి ఉత్తరపు ఒడ్డుకి, నార్త్ షోర్‌కి తీసుకెళ్లాడు. నీలి ఆకాశం, మంచి ఎండ. "ఏం తుఫాను మురళీ?" అన్నారు మా ఆయన.

"తుఫాను ఇక్కడెందుకుంటది బావా? అలాస్కా వైపు ఎక్కడో కొట్టింది. పెళ్లి అక్కడ, ఊరేగింపు ఇక్కడ. కూర్చో, చూపిస్తా."

చాలాసేపు ఏమీ లేదు. నీళ్లు చెరువులా ఉన్నాయి. తర్వాత వరసగా అలలు లేచాయి. అంతకుముందు మేం నిలబడిన రాళ్లు కనపడలేదు.

అక్కడి పాతకాపులు అలను వెనకవైపు నుంచి కొలుస్తారట. వాళ్లు ఆరడుగులంటే ఒడ్డు నుంచి చూసేవాళ్లకు పన్నెండు. ఈ మాట అన్న ఎన్నిసార్లు చెప్పాడో!

మొన్న కూడా గ్రూప్‌లో పెట్టాడు. "లోకల్ లెక్కలో ఆరు. అంటే డబుల్. రాళ్ల మీదకి దిగకండి."

అరోరా ఊరి నుంచి వచ్చిన ఒక ఫ్యామిలీ అన్నావాళ్లింట్లోనే గెస్ట్‌లుగా ఉంది. "ఆరడుగులంటే నా హైట్ అంతేగా" అన్నాడట ఆ వచ్చినాయన, టిఫిన్ తింటూ.

నిన్న నార్త్ షోర్‌లో అన్న కార్ పార్క్ చేసి వచ్చేలోపే వాళ్లు రాళ్ల మీదున్నారు. సముద్రం నెమ్మదిగా ఉంది కదా, ఫోటోలు. అన్న అరుస్తూ దిగాడు. పాపను ఎత్తి పైనున్న వదిన చేతికిచ్చాడు. తల్లిని పైకి నెట్టాడు. ఆ పెద్దమనిషి "ఒక్క ఫోటో అన్నా" అంటుంటే చెయ్యి పట్టి లాగాడు. ఆయన పైకొచ్చాడు. అన్న రాలేదు. లైఫ్‌గార్డ్‌లు బయటికి తెచ్చేసరికి ఊపిరి లేదు.

ఇదంతా వదిన కళ్లముందే.

ఏడుస్తూనే ఉన్నాను, ఇవాళ పొద్దున ఆ అరోరావాళ్ల పోస్ట్ చూసేదాకా. సూర్యాస్తమయం ఫోటో. దండం ఎమోజీ. "ఊహించని అల. దేవుడే మా కుటుంబాన్ని కాపాడాడు."

అంతే. అన్న పేరు లేదు.

కింద అన్నీ హార్ట్‌లు. మన గ్రూప్‌వాళ్లవే! ఒకాయనైతే "అన్నీ తెలిసినవాడు ఎందుకు దిగాడో" అని కూడా రాశాడు.

ఛీ. నిజంగా అసహ్యమేసింది. ఆయన ఇంట్లో తిని, ఆయన చేతి మీదుగా ఒడ్డెక్కి, ఒక్క రోజు తిరక్కుండానే మనిషిని తుడిచేశారు.

మీరు బతికారు, మంచిది. ఆ పాప బతికినందుకు నేనూ దండం పెట్టుకున్నాను. దేవుణ్ని తీసెయ్యమనడం లేదు. ఆ పక్కన మురళి అని రాయండి. వదిన ఫోన్ తెరిచి చూసేలోపు రాయండి.

వెళ్లిరా అన్నా. ఇక ఎవరి వెనకా అరుస్తూ పరిగెత్తక్కర్లేదు. నీ ప్రాణం నిమ్మళంగా ఉండాలి.