నిలబడి చెప్పాల్సిన లెక్క

పార్కిన్సన్ జబ్బు వచ్చాక నాకు పోయినవి ఐదు. మొదట వాసన పోయింది. పొయ్యి మీద పాలు మాడుతున్నా తెలియలేదు. తర్వాత చేతిరాత చీమలబారంత చిన్నదైంది. నడుస్తుంటే కుడిచెయ్యి ఊగడం మానేసింది. చొక్కా గుండీలు మా ఆవిడే పెట్టాల్సి వచ్చింది. ఈ నాలుగింటికీ సర్దుకున్నాను. ఐదోది, నడుస్తూ లెక్క చెప్పడం. అది నా కూడు.

బడిలో నేను చదివింది తక్కువ. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో ఆదోని పత్తి యార్డుకు పోయి, రైతుల పక్కన నడుస్తూ తూకాలు కూడి, తరుగు తీసి, నోటితోనే చెప్పేవాణ్ణి. చేతిలో ఫోన్లున్నవాళ్ళు కూడా నా మాట విన్నాకే చీటీ మీద సంతకం పెట్టేవాళ్ళు.

డాక్టరు నన్ను మాత్ర వేసుకోకముందు ఒకసారి, వేసుకున్నాక ఒకసారి నడిపించి చూశాడు. మాత్ర పట్టాక అడుగు బాగానే పడింది. అప్పుడు, నూరులోంచి ఏడేసి తీసేస్తూ నడవమన్నాడు. లెక్క తప్పలేదు. కాళ్ళు తప్పాయి. మా ఆవిడ పట్టుకోకపోతే గోడకు కొట్టుకునేవాణ్ణి.

"మాత్ర బిగుసుకున్న కాళ్ళను వదులు చేస్తుంది. ధ్యాస రెండు వైపులా పోతే మాత్రం నిలబెట్టలేదు. నడిచేటప్పుడు నడకే చూసుకోండి. లెక్క నిలబడి చెప్పండి," అన్నాడు.

యార్డులో నేను నిలబడితే, నాకోసం ఎవరు నిలబడతారు?

ఒక పొద్దు మాత్ర బాగా పట్టింది. చిప్పగిరి వైపు రైతొకాయన వెంటబడ్డాడు. చీటీ పుస్తకంతో దళారి మా ముందు పోతున్నాడు.

"లెక్కలన్నా, ఇరవై మూడు మూటలు. మూటకు నలభై ఏడు కిలోలు, కిలోన్నర తరుగు. ఎంతొస్తాది? తొందరగా సెప్పు, ఆయప్ప రాసేస్తాండాడు."

నడుస్తూనే గుణించడం మొదలుపెట్టాను. పాదాలు నేలకు అతుక్కుపోయాయి. ఒళ్ళు ముందుకు పోయింది.

"లెక్కలన్న పొద్దున్నే ఏసినట్టుండాడు!" అని ఒక హమాలీ నవ్వాడు.

"ఏసినాలేప్పా, మాత్ర," అన్నాను కిందపడినచోటు నుంచే.

రైతు నన్ను లేపి కూర్చోబెట్టి నీళ్ళు తాగించాడు.

"ఆగప్పా, సెప్తా," అన్నాను.

"లెక్క పోనీలేన్నా, నెత్తురు కారతాంది సూడు."

దళారి పది క్వింటాళ్ళని రాసిన చీటీ మీద, నన్ను మళ్ళీ అడక్కుండానే రైతు సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. నొసటికి గుడ్డ కట్టించుకున్నాక నాకు లెక్క తేలింది. అప్పటికి ఆయన ఎక్కడా కనబడలేదు. ఏ ఊరో కూడా అడగలేదు. ఆయనకు నేను ఈ రోజుకీ నలభై ఆరున్నర కిలోలు బాకీ.